40 లైన్ల క్లాస్, ఒక్క లైను క్లాస్



ఒక బడిలో విద్యార్థుల జాబితాను కంప్యూటర్‌లో పెట్టాలనుకుందాం. ఒక్కో విద్యార్థికి మూడే వివరాలు: పేరు, తరగతి, రోల్ నంబర్. రిజిస్టరులో అయితే మూడు గళ్లు గీస్తే పని అయిపోతుంది. ఇదే పని ఇరవై ఏళ్ల కిందట ఒక జావా ప్రోగ్రామర్ చేతిలో పడితే ఎలా సాగేదో చూద్దాం.

ముందు స్టూడెంట్ అనే క్లాస్ మొదలవుతుంది. మూడు వివరాలకు మూడు ఫీల్డ్‌లు, అంటే మూడు లైన్లు. కొత్త విద్యార్థి ఆబ్జెక్టును తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌కు ఐదు లైన్లు. ఒక్కో వివరాన్ని బయటికి ఇచ్చే గెట్టర్ మెథడ్‌కు మూడేసి చొప్పున తొమ్మిది. ఆ వివరాన్ని మార్చే సెట్టర్లకు ఇంకో తొమ్మిది. ఇద్దరు విద్యార్థుల వివరాలు ఒకటేనా అని పోల్చడానికి ఈక్వల్స్ అనే మెథడ్, దాని జంటగా హ్యాష్‌కోడ్ అనే మెథడ్, ఆబ్జెక్టును ప్రింట్ చేస్తే మనిషికి అర్థమయ్యేలా చూపించడానికి టుస్ట్రింగ్ అనే మెథడ్. ఖాళీ లైన్లు వదిలేసి లెక్కపెట్టినా మొత్తం 40 దాటుతుంది. ఈ 40లో బడి గురించి కొత్త సంగతి చెప్పేవి ఆ మొదటి మూడు లైన్లే. మిగతాదంతా ఏ ప్రాజెక్టు తెరిచి చూసినా పేర్లు మాత్రం మారి కనిపించే సరుకు. ప్రోగ్రామర్లు దీన్నే బాయిలర్‌ప్లేట్ కోడ్ అంటారు.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్లు తెలుగునాట చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరిని కదిపినా ఈ క్లాస్ ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పేస్తారు. బీన్ క్లాస్ అంటారు, పోజో అంటారు. ఈక్వల్స్ రాస్తే హ్యాష్‌కోడ్ కూడా ఎందుకు రాయాలి అనే ప్రశ్న ఇంటర్వ్యూలో ఎదురుకానివాళ్లు తక్కువ.

మూడు వివరాల కోసం ఇంత తతంగం ఎలా వచ్చిపడింది? క్లాస్ అనే ఊహకు పుట్టినిల్లు నార్వే. 1960ల్లో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ కలిసి రూపొందించిన సిములా 67 భాషలోనే క్లాస్, ఆబ్జెక్ట్ తొలిసారి కనిపించాయి. ఆ పనికే 2001లో వాళ్లకు ట్యూరింగ్ అవార్డు దక్కింది. మొదట్లో సిములా ఆబ్జెక్టు లోపలి వివరాలను ఎవరైనా నేరుగా తాకవచ్చు. దాచిపెట్టే వీలు తర్వాత వచ్చింది. 1972లో డేవిడ్ పార్నాస్ రాసిన ఒక వ్యాసం ఈ దాచడానికి సిద్ధాంత బలం ఇచ్చింది. ప్రోగ్రామ్‌లో రేపు మారే అవకాశమున్న నిర్ణయం ఏదైనా ఒకే మాడ్యూల్ లోపల ఉండాలి, మిగతా మాడ్యూళ్లకు దాని ఊసే తెలియకూడదు అన్నది ఆయన వాదన సారాంశం.

ఈ వాదన జావా దాకా వచ్చేసరికి ఒక అలవాటుగా గడ్డకట్టింది. ఫీల్డ్‌ను ప్రైవేటుగా పెట్టు, పక్కనే ఒక గెట్టర్, ఒక సెట్టర్ రాయి. దీనికి ఊతమిచ్చింది 1997 నాటి జావాబీన్స్ స్పెసిఫికేషన్. బటన్లు, టెక్స్ట్ బాక్సులు మౌస్‌తో లాగి తెర మీద అమర్చుకునే టూల్స్ కోసం సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని తయారుచేసింది. ఒక బటన్‌కు ఏయే లక్షణాలున్నాయో ఆ టూల్‌కు తెలియాలంటే ఒక గుర్తు కావాలి. మెథడ్ పేరు గెట్‌తోనో సెట్‌తోనో మొదలైతే దాని వెనక ఒక లక్షణం ఉన్నట్టు అని ఒప్పందం పెట్టుకున్నారు. తెర మీది బటన్ల కోసం పుట్టిన ఒప్పందం తర్వాత డేటాబేస్ పనులు చేసే హైబర్నేట్‌లోకి, వెబ్ అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్‌లోకి పాకింది. చివరికి బ్యాంకు ఖాతా, రైలు టికెట్, ఆసుపత్రి రోగి, అన్నీ బీన్‌లే అయ్యాయి. ప్రతి ఫీల్డ్‌కూ గెట్టర్, సెట్టర్ పెట్టాక ఇక దాచింది ఏముందని కొందరు అప్పుడే నిలదీశారు. 2003లో జావావరల్డ్ పత్రికలో ఆలెన్ హోలబ్ ఈ అలవాటును గట్టిగానే తప్పుపట్టారు. అలవాటు మాత్రం పోలేదు.

టైపింగ్ శ్రమ దీనిలో చిన్న సంగతి. అసలు చిక్కు ఆరు నెలల తర్వాత వస్తుంది. బడిలో పదో తరగతి పిల్లలు పెరిగారు, ఏ సెక్షన్, బీ సెక్షన్ అని విడగొట్టారు. క్లాసులో సెక్షన్ అనే నాలుగో ఫీల్డ్ చేర్చాలి. ఫీల్డ్ రాయాలి, కన్‌స్ట్రక్టర్‌ను సవరించాలి, గెట్టర్, సెట్టర్ పెట్టాలి, ఈక్వల్స్‌లో, హ్యాష్‌కోడ్‌లో, టుస్ట్రింగ్‌లో ఆ పేరు చేర్చాలి. మూడు ప్రతుల్లో నింపిన దరఖాస్తులో చిరునామా మారితే ఒక ప్రతిలో దిద్ది రెండో ప్రతి మరిచిపోవడం ఎంత సులువో, ఇక్కడ ఒక చోటు మరిచిపోవడం కూడా అంతే సులువు. ఈక్వల్స్‌లో, దాని జంట హ్యాష్‌కోడ్‌లో సెక్షన్ చేర్చడం మరిచిపోయారనుకుందాం. కంపైలర్ ఏమీ అనదు. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. ఏ సెక్షన్‌లో 12వ నంబరు సాయి, బీ సెక్షన్‌లో 12వ నంబరు ఇంకో సాయి. ఒకే వివరం రెండుసార్లు రాకుండా చూసే సెట్‌లో వీళ్లిద్దరినీ వేస్తే, పేరు ఒకటే, తరగతి ఒకటే, నంబరు ఒకటే కాబట్టి రెండో సాయిని ప్రోగ్రామ్ చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. హాల్ టికెట్లు ప్రింట్ చేసిన రోజున ఒక పిల్లవాడికి హాల్ టికెట్ ఉండదు.

హ్యాష్‌కోడ్ రాయకపోతే వచ్చే తప్పు దీనికి తలకిందులు. జావాలో హ్యాష్‌సెట్ ఒక ఆబ్జెక్టును వెతకాలంటే ముందు దాని హ్యాష్‌కోడ్ అనే అంకెను చూసి ఏ బకెట్‌లో ఉంటుందో తేల్చుకుంటుంది, ఆ తర్వాతే ఈక్వల్స్‌ను పిలిచి పోలుస్తుంది. ఈక్వల్స్ రాసి హ్యాష్‌కోడ్ వదిలేస్తే, అచ్చం ఒకేలా ఉన్న రెండు ఆబ్జెక్టులకు వేర్వేరు అంకెలు వచ్చి, మామూలుగా వేర్వేరు బకెట్లలో పడతాయి. అప్పుడు ఒకే విద్యార్థి జాబితాలో రెండుసార్లు ఉంటాడు. రెండూ సరిగ్గా రాసినా సెట్టర్‌తో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. విద్యార్థిని సెట్‌లో వేశాక సెట్టర్‌తో రోల్ నంబర్ మారిస్తే హ్యాష్‌కోడ్ కూడా మారిపోతుంది. ఆ తర్వాత వీడు సెట్‌లో ఉన్నాడా అని అడిగితే లేడని జవాబు వస్తుంది. సెట్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే మాత్రం అక్కడే కనిపిస్తాడు.

ఇలాంటి తప్పులు ఏళ్ల తరబడి దాక్కోవడానికి కారణం ఆ 40 లైన్లను ఎవరూ చదవకపోవడమే. కోడ్ రివ్యూలో గెట్టర్ల గుంపు కనబడగానే కన్ను కిందికి జారిపోతుంది. అందుకే బాయిలర్‌ప్లేట్ తగ్గించే ఏ ఉపాయాన్నైనా, రాసే సమయం ఎంత మిగిలిందని కాకుండా, చదవాల్సినది ఎంత తగ్గింది, మరిచిపోయే చోట్లు ఎన్ని పోయాయి అని చూసి తూచాలి.

మొదటి ఉపాయం ఎడిటర్‌తో రాయించడం. ఎక్లిప్స్, ఇంటెల్లిజే లాంటి సాఫ్ట్‌వేర్లలో మెనూ తెరిచి గెట్టర్లు, సెట్టర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ కావాలంటే ఒక్క క్లిక్కుతో వచ్చేస్తాయి. వేళ్లకు విశ్రాంతి దొరికింది. 40 లైన్లు మాత్రం ఫైల్లో అలాగే ఉన్నాయి. సెక్షన్ ఫీల్డ్ చేర్చిన రోజున పాత ఈక్వల్స్ తీసేసి కొత్తది పుట్టించాలని ఎడిటర్ దానంతటది గుర్తుచేయదు. ఇప్పుడు ఏఐ అసిస్టెంట్లు రెండు సెకన్లలో రాసిపెట్టే కోడ్‌కు కూడా ఈ మాట వర్తిస్తుంది.

రెండో ఉపాయం లాంబాక్. 2009లో రైనియర్ జ్విట్సర్‌లోట్, రూల్ స్పిల్కర్ దీన్ని బయటికి తెచ్చారు. క్లాస్ మీద డేటా అనే ఒక గుర్తు, అంటే యానొటేషన్, పెడితే చాలు; కంపైల్ అయ్యేటప్పుడు లాంబాక్ లోపలికి దూరి గెట్టర్లు, సెట్టర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్, టుస్ట్రింగ్ అన్నీ పుట్టిస్తుంది. ఫైల్లో మిగిలేవి ఫీల్డ్‌లే. నాలుగో ఫీల్డ్ చేర్చితే మిగతా చోట్లలో మార్పు దానంతటదే జరుగుతుంది. భారతీయ ఐటీ కంపెనీల స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టుల్లో లాంబాక్ ఇప్పటికీ తరచూ తగులుతుంది.

అయితే లాంబాక్ ఆధారపడింది జావా కంపైలర్ లోపలి భాగాల మీద. బయటివాళ్లు వాడుకోవడానికి ఇచ్చిన తలుపులు కావవి. 2021 మార్చిలో వచ్చిన జావా 16 ఆ లోపలి భాగాలకు గట్టిగా తాళం వేసింది. పాత లాంబాక్ వెర్షన్లతో ఉన్న ప్రాజెక్టులు కంపైల్ కాక ఆగిపోయాయి. 1.18.20 వెర్షన్‌తో సర్దుకున్నారు. ఇంకో చిక్కు ఆ డేటా గుర్తును ఎక్కడపడితే అక్కడ తగిలించడంతో వస్తుంది. స్కూల్ అనే క్లాసులో విద్యార్థుల లిస్టు ఉంది, విద్యార్థి క్లాసులో అతని స్కూల్ ఉంది, రెంటి మీదా ఆ గుర్తు ఉంది అనుకుందాం. లాగ్‌లో ఒక విద్యార్థిని ప్రింట్ చేయబోతే అతని టుస్ట్రింగ్ స్కూల్‌ను పిలుస్తుంది, స్కూల్ తన విద్యార్థులందరినీ పిలుస్తుంది, వాళ్లు మళ్లీ స్కూల్‌ను పిలుస్తారు. కాసేపటికి స్టాక్ ఓవర్‌ఫ్లో అని ప్రోగ్రామ్ కూలబడుతుంది. ఫైల్ తెరిచి చూస్తే టుస్ట్రింగ్ ఎక్కడా కనిపించదు కాబట్టి కొత్తగా చేరిన కుర్రాడికి తల గోడకేసి కొట్టుకున్నంత పని.

మూడో దారి భాషే బాధ్యత తీసుకోవడం. ఈ దారిలో జావా బాగా వెనకబడి వచ్చింది. మార్టిన్ ఒడెర్‌స్కీ రూపొందించిన స్కాలాలో కేస్ క్లాస్ ఉంది. 2016లో 1.0 వెర్షన్‌కు చేరిన కోట్లిన్‌లో డేటా క్లాస్ ఉంది. 2017లో ఆండ్రాయిడ్ కోసం కోట్లిన్‌ను గూగుల్ అధికారికంగా ఆమోదించాక మొబైల్ యాప్‌లు రాసేవాళ్లు చాలామంది గెట్టర్లు రాయడమే మానేశారు. 1995లో వచ్చిన డెల్ఫీలో గెట్టర్, సెట్టర్ గొడవ బయటికి కనిపించకుండా ప్రాపర్టీ అనే సౌకర్యం పెట్టిన ఆండర్స్ హెల్స్‌బర్గే తర్వాత మైక్రోసాఫ్ట్‌లో సీ షార్ప్‌కు రూపకర్త అయ్యారు. సీ షార్ప్‌లో మొదటినుంచీ ప్రాపర్టీలున్నాయి. 2007లో అవి ఒక్క లైనుకు దిగాయి. 2020 నవంబరులో సీ షార్ప్ 9తో రికార్డ్ వచ్చింది. అదే నెలలో పీహెచ్‌పీ 8 కూడా ఫీల్డ్ ప్రకటన, కన్‌స్ట్రక్టర్ పరామీటర్, విలువ అప్పగింత, మూడింటినీ ఒక్కచోటికి కుదించింది.

పైథాన్ కథ కొంచెం వేరు. అక్కడ గెట్టర్ల పోరు మొదటినుంచీ తక్కువ. ఫీల్డ్‌ను నేరుగా వాడుకోనిస్తారు, రేపు అవసరం పడితే అదే పేరుతో ప్రాపర్టీగా మార్చుకోవచ్చు, వాడేవాళ్ల కోడ్ మారదు. కానీ కన్‌స్ట్రక్టర్‌లో ప్రతి పేరునూ మూడుసార్లు రాయాల్సి వచ్చేది: పరామీటర్‌గా ఒకసారి, సెల్ఫ్ పక్కన ఒకసారి, సమానం గుర్తుకు కుడివైపు ఇంకోసారి. పైథాన్ 2.6 నుంచి నేమ్డ్‌టపుల్ అనే దగ్గరి దారి ఉంది. దానిలో ఒక మెలిక ఉంది. పది పరుగులు, రెండు వికెట్లు అనే స్కోరును ఒక నేమ్డ్‌టపుల్‌గా, పదో తారీకు రెండో నెల అనే తేదీని ఇంకో నేమ్డ్‌టపుల్‌గా రాసి పోల్చితే రెండూ సమానమేనని పైథాన్ చెబుతుంది. ఎందుకంటే రెండూ లోపల ఉత్త టపుల్‌లే, విలువలు కలిస్తే చాలు.

2015లో హైనెక్ ష్లావాక్ తెచ్చిన యాట్రిబ్స్ అనే లైబ్రరీ ఈ ముళ్లను చాలావరకు విప్పింది. ఆ అనుభవాన్ని దగ్గర పెట్టుకుని ఎరిక్ స్మిత్ పెప్ 557 అనే ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో పైథాన్ 3.7తో పాటు డేటాక్లాస్ వచ్చింది. మన విద్యార్థి క్లాస్ ఇప్పుడు ఐదు లైన్లు: పైన డెకరేటర్, తర్వాత క్లాస్ పేరు, కింద మూడు ఫీల్డ్‌లు, వాటి టైపులు. డెకరేటర్ ఆ టైపులు చూసి కన్‌స్ట్రక్టర్, పోలిక, ప్రింట్ రూపం మూడూ పుట్టిస్తుంది. స్కోరుకూ తేదీకీ ఇక పొత్తు కుదరదు, క్లాస్ వేరైతే సమానం కాదు. ఇందాక చెప్పిన సెట్టర్ ప్రమాదాన్ని కూడా ఇది ముందే ఆపుతుంది. డేటాక్లాస్ ఆబ్జెక్టును మార్చే వీలుంటే, మామూలుగా దాన్ని సెట్‌లోకి రానివ్వదు. రానివ్వాలంటే ఫ్రోజెన్ అని చెప్పి మార్పులకు తలుపు మూసేయాలి. ఫీల్డ్‌కు ఖాళీ లిస్టును డిఫాల్ట్‌గా ఇవ్వబోతే ఎర్రర్ ఇస్తుంది. లేకపోతే ఆ ఒక్క లిస్టునే ఆబ్జెక్టులన్నీ పంచుకుని, ఒక విద్యార్థి మార్కులు ఇంకో విద్యార్థి ఖాతాలో పడేవి.

ఇక జావా. ఆ భాషకు కొత్త సౌకర్యాలు చేర్చే ప్రాజెక్ట్ ఆంబర్ కింద బ్రయాన్ గోట్స్ బృందం ఈ పని ఎత్తుకుంది. ఎవరికేం కావాలో తేల్చడమే ముందు పెద్ద తలనొప్పి అయింది. గోట్స్ తన పత్రంలో కోరేవాళ్లను సరదా పేర్లతో వర్గాలుగా విడగొట్టారు. ఆల్జీబ్రాయిక్ ఆనీకి గణితంలో లాంటి శుద్ధమైన డేటా కావాలి. జావాబీన్ జెర్రీకి గెట్టర్లు, సెట్టర్లు వాటంతటవే రావాలి. అందరినీ మెప్పించబోతే ఎవరికీ పనికిరాని వస్తువు తయారవుతుందని గ్రహించి, జెర్రీ కోరికను పక్కన పెట్టారు. బాయిలర్‌ప్లేట్ మీద యుద్ధం తమ లక్ష్యం కాదని రికార్డుల ప్రతిపాదనలోనే స్పష్టంగా రాసుకున్నారు. 2020 మార్చిలో జావా 14లో ప్రయోగాత్మకంగా వచ్చిన రికార్డ్, ఏడాది తర్వాత జావా 16లో స్థిరపడింది. లాంబాక్‌కు తాళం పడింది కూడా అదే వెర్షన్‌లో.

రికార్డ్ అనే మాట, క్లాస్ పేరు, బ్రాకెట్లో మూడు వివరాలు. ఒక్క లైను. మన 40 లైన్లలో సెట్టర్లు తప్ప అన్నీ అందులో ఉన్నాయి. సెట్టర్లు లేకపోవడం కావాలని చేసిందే. రికార్డులో ఫీల్డ్‌ల విలువ ఒకసారి పెడితే మారదు. సెక్షన్ అనే నాలుగో వివరం బ్రాకెట్లో చేర్చిన క్షణమే పోలిక, హ్యాష్‌కోడ్, ప్రింట్ రూపం మూడూ మారిపోతాయి. పాత పద్ధతిలో మూడే వివరాలు ఇచ్చి ఆబ్జెక్టు తయారుచేస్తున్న చోట్లన్నింటిలో కంపైలర్ ఎర్రర్ చూపిస్తుంది. బీ సెక్షన్ సాయి హాల్ టికెట్ ఇక పోదు. రోల్ నంబర్ సున్నా కన్నా ఎక్కువ ఉండాలి లాంటి నియమం ఉంటే కన్‌స్ట్రక్టర్‌లో ఆ ఒక్క షరతే రాసుకోవచ్చు. అప్పుడు క్లాసులో కనిపించే ప్రతి లైనూ బడికి సంబంధించిన సంగతే అవుతుంది, రివ్యూ చేసేవాళ్లు దాన్ని చదువుతారు.

హద్దులూ ఉన్నాయి. రికార్డ్ ఇంకో క్లాసు నుంచి వారసత్వం తీసుకోలేదు. జావాలో డేటాబేస్ పనులకు ప్రమాణమైన జేపీఏ నియమాల ప్రకారం డేటాబేస్ ఎంటిటీకి పరామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ ఉండాలి, క్లాస్ ఫైనల్ కాకూడదు. రికార్డుకు రెండూ పొసగవు కాబట్టి ఎంటిటీలుగా రికార్డులు పనికిరావు. రికార్డులో ఒక లిస్టు ఉంటే, ఆ లిస్టును వేరేదానితో మార్చలేరేమో గాని, దాని లోపల పేర్లు చేర్చడం, తీసేయడం ఆగదు. కన్‌స్ట్రక్టర్‌లోనే మార్పులేని నకలు తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద హద్దు వేరే ఉంది. బ్యాంకు ఖాతా లాంటి ఆబ్జెక్టుకు కావాల్సింది డబ్బు వేయడం, తీయడం అనే పనులు. నిల్వను ఇష్టమొచ్చినట్టు మార్చే సెట్టర్ దానికి అసలు ఉండకూడదు. అలాంటి క్లాసును రికార్డుగా కుదించడం, డేటా గుర్తు తగిలించడం రెండూ తప్పే. అక్కడ క్లాస్ పొడుగ్గా ఉంటే ఉండనివ్వాలి.

జావా 8 మీదే నడుస్తున్న పాత ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లకు లాంబాక్ తప్పకపోవచ్చు. అలాంటప్పుడు డేటా అనే గంపగుత్త గుర్తు బదులు, కావాల్సిన గెట్టర్ గుర్తు, పోలిక గుర్తు విడివిడిగా పెట్టుకోవడం మేలు. జావా 17 గాని, ఆపై వెర్షన్ గాని వాడుతున్నవాళ్లు మాత్రం ఈ వారమే ఒక పని చేయవచ్చు. ప్రాజెక్టులో వివరాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడం తప్ప వేరే పని లేని క్లాస్ ఒకటి వెతికి పట్టుకోండి. దాని సెట్టర్లను నిజంగా ఎవరు పిలుస్తున్నారో చూడండి. ఎవరూ పిలవకపోతే దాన్ని రికార్డుగా మార్చి, టెస్టులు నడిపి చూడండి. పాత ఈక్వల్స్ తీసేసే ముందు దాన్ని ఒక్కసారి ఆసాంతం చదవండి. అందులో ఏదైనా ఫీల్డ్ పేరు లేకపోతే, ఎవరైనా కావాలనే వదిలేశారా, మరిచిపోయారా అన్నది ముందు తేల్చుకోండి.